ఫోటో కోసం ఎత్తిన తట్ట

కరోనా రెండోసారి ముదిరిన ఎండాకాలం. మేడ్చల్‌లో నా కటింగ్ షాపుకు షట్టర్ వేసి ఉంది, ఇంట్లో నేను దుప్పటి వేసుకుని ఉన్నాను. జ్వరం పోయింది, పరీక్షలో ఏమీ లేదని కూడా వచ్చింది. కాళ్లలో బలం మాత్రం రాలేదు. నిలబడితే ఎవరి మీదైనా ఒరగాలనిపించేది. దూరం దూరం ఉండమన్న రోజుల్లో ఎవరి మీద ఒరుగుతాం?

మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. ఇంట్లో జాకెట్లు కుట్టేది. కాళ్లు వాచాయి, మిషన్ తొక్కొద్దు, రెస్టు కావాలంది డాక్టరమ్మ. ఆ రెస్టును మందుల షాపులో అమ్మితే తెచ్చేవాణ్ణే. కొత్త కాలనీలో నా కస్టమరు ఒకాయన కూడా జ్వరంతో పడుకున్నాడు, జీతం ఇంటికే వచ్చింది. ఆయన భార్యకు కాన్పు సెలవు కూడా ఇచ్చారు. అదే జ్వరం, అదే కడుపు. మాకెందుకు రాదో అడుగుదామని లేబర్ ఆఫీసుకు పోయాను.

"ఏడ పనిచేస్తవ్?" అన్నాడు కౌంటర్‌లో కూర్చున్నాయన.

"నా షాపుల సార్."

"ఓనరెవరు?"

"నేనే."

"జరమొచ్చి పనికి రాలేదని ఓనర్‌తోని రాపిచ్చుకొని రా."

"రోజూ అద్దంల కలుస్తడు సార్, అడుగుత. కానీ మస్తు పీనాసోడు, లీవియ్యడు."

ఆయన నవ్వలేదు. మళ్లీ మొదటి నుంచీ "ఏడ పనిచేస్తవ్?" అన్నాడు.

బయట జిరాక్స్ షాపు ముందు ఒక దళారి నన్ను పట్టుకున్నాడు. "వదినకు లేబర్ కార్డు చేపిద్దాం అన్నా. ఇండ్లు కట్టే కూలీలకు కాన్పు పైసలొస్తయ్."

"ఆమె జాకెట్లు కుడతదిరా బై, గోడలు కట్టదు."

"నెత్తిన తట్ట వెట్టుకొని ఒక్క ఫోటో, మేస్త్రి సంతకం. అంతే. ఊరంత గిట్లనే చేస్తాంది."

మర్నాడు దళారి మా ఇద్దరినీ ఆటోలో శామీర్‌పేట దిక్కు, విల్లాలు కడుతున్న చోటికి తీసుకెళ్లాడు. అక్కడ ఇస్త్రీ చీరల్లో ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరూ తట్ట ఎత్తుకోవడం, వాడు ఫోన్‌లో ఫోటో తీయడం. "నవ్వకు అక్కా, కూలోళ్లు నవ్వరు," అంటున్నాడు. నిజమైన కూలి మనిషి ఒక్కతే ఉంది. గోడ కట్టేందుకు ఎక్కే సారువ కర్రకు కట్టిన చీర ఉయ్యాలలో ఆమె పిల్ల నిద్రపోతోంది. అందరి నెత్తికెక్కుతున్న తట్ట ఆమెదే.

మా ఆవిడ వంతు వచ్చింది. ఆ కూలామె బట్ట చుట్టి మా ఆవిడ తలమీద పెట్టి, తట్ట సర్దింది. "పైలం అక్కా. ఉత్త తట్టనే, బరువుండది."

"నీ కాన్పుకు పైసలొచ్చినయా?" అడిగింది మా ఆవిడ.

"నాకేడికెళ్లి? మాకు మేస్త్రి సంతకం వెట్టడు. వెడితే రేపు మేం పడ్డా, సచ్చినా ఆయన మీదికొస్తదట. మీకైతే వెడతడు. మీరు పైకెక్కరు, పడరు."

మేస్త్రి పక్కనే ఉన్నాడు. విన్నాడు కూడా. పెన్ను మూత తీసి పట్టుకుని, గుట్కా నములుతూ మా ఫోటో కోసం చూస్తున్నాడు. 

మా ఆవిడ తట్ట దించింది. దానికంటిన ఇసుకను కొంగుతో తుడిచి కూలామె చేతికిచ్చింది. "ఇంటికి నడువ్," అంది నాతో.

"వదినా, ఒక్క నిమిషం!" అని దళారి వెంటపడ్డాడు. మా ఆవిడ అటు తిరిగి "థూ" అని ఉమ్మింది. వాడు మాస్కు సర్దుకున్నాడు.

ఆటోలో ఊరుకోలేక అన్నాను, "ఇగ కాన్పెట్లనే?"

"రేపు షాపు తెరువ్."

"నిలవడవస్తలేదే."

"కూసొని కటింగ్ చెయ్యి."

అట్లాగే చేశాను. తిరిగే కుర్చీలో నేను, నా ముందు చిన్న స్టూలు మీద కస్టమరు. తల వంచమంటే వంచాడు, పాపం. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతే, వాకిట్లోకే మిషన్ చప్పుడు వినిపించింది. వాచిన కాళ్లతోనే తొక్కుతోంది.

"ఆపవే, డాక్టరమ్మ వద్దన్నది గదా!"

తల ఎత్తలేదు. దారం కొరికి, "మా ఓనర్‌నడిగి చెప్త," అంది.