వాగు లోతు ఎంత?

మా తోడికోడలంటే నాకు అసూయ. ఈ మాట చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. ఆమె నంద్యాల పిల్ల, నేను రుద్రవరం దాన్ని. ఆమె జడ పొడుగు, నాది పొట్టి. ఆమె మాట్లాడితే అత్త వినేది, నేను మాట్లాడితే అత్తకు ఎక్కడ లేని పనులూ గుర్తొచ్చేవి. అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది ఒక్కటే. ఆమె మొగుడు యుద్ధానికి పోయి మనిషిని మోసుకొచ్చిన వీరుడు, నా మొగుడు బొగ్గు బస్సులో క్లీనరు.

పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం అది. పెట్రోలు దొరక్క నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య తిరిగే బస్సును బొగ్గు మీద నడిపేవారు. బస్సు వెనక ఒక ఇనుప పొయ్యి బిగించి ఉండేది. దాంట్లో బొగ్గులు పోయడం, పిడి తిప్పి నిప్పు రాజేయడం మా ఆయన పని. సాయంత్రం ఆళ్లగడ్డలో ఇల్లు చేరేసరికి పళ్ళు తప్ప మనిషంతా నలుపే. మా బావ, అంటే మా ఆయన అన్న, పటాలంలో చేరి బర్మా వైపు పోయి, కాలు విరిగి, కుంటుకుంటూ తిరిగొచ్చాడు.

ఆయన వచ్చిన కొన్నాళ్ళకు మా తోడికోడలు ఆ కథ బయటపెట్టింది. విత్తనానికి శనక్కాయలు ఒలిచే రోజులు. మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్ళంతా మా వసారాలో చేరేవారు.

"అడివిలో తోటి సిపాయికి గుండు తగిలిందంట. అందురూ ఆయప్పను ఇడిసిపెట్టి పోతాంటే ఈయన బుజానేసుకున్నాడంట. వాన, బురద, జలగలు. ఈయన కాలిరిగింది గూడ ఆ నడకలోనే నంట" అంది, కాయ ఒలవడం ఆపకుండానే.

"మగోడంటే అట్లుండల్ల" అని అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. నా చేతిలో కాయ పప్పుతో సహా నుజ్జయింది.

తొలకరిలో నాకూ ఒక కథ దొరికింది. మావైపు ఎండ కాస్తున్నా సరే, నల్లమల మీద వాన పడితే వాగొచ్చేస్తుంది. శిరివెళ్ళ దాటాక బస్సు వాగులో దిగింది, మధ్యలో నీళ్ళు పొయ్యిలోకి వచ్చి నిప్పారిపోయింది, బస్సు కదల్లేదు. మా ఆయన బస్సులో ఉన్న మగాళ్ళ తలగుడ్డలన్నీ విప్పించి, ముడేసి, ఒక కొస బస్సుకు, ఒక కొస గట్టున చెట్టుకు కట్టి, తాను నడి వాగులో నిలబడి ఒక్కొక్కరినీ దాటించాడట. ముసలివాళ్ళను, చంటిపిల్లల తల్లులను, ఆఖరికి ఎవరిదో మేకను కూడా. ఈ సంగతి డ్రైవరు ఇంటికొచ్చి చెబితేగానీ మాకు తెలియదు. నడుము లోతు నీళ్ళమ్మా అన్నాడు. నా మొగుడు కొట్టుకుపోయి ఉండేవాడే అన్న భయం నాకు తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది సంతోషం. ఇక చూడవే నంద్యాలదానా అనుకున్నాను.

మా ఆయన్ను అడిగితే, "ఏముంది మే. నీళ్ళొచ్చె. దిగినారు. పోయినారు" అన్నాడు. ఇదీ వరస! మొగుడు మూగనోము పడితే పెళ్ళామే చెప్పుకోవాలి కదా. వసారాలో నేనే చెప్పాను. అప్పటి నుంచి రోజూ పోటీయే. ఒకర్ని మోయడం గొప్పా, బస్సెడు మందిని దాటించడం గొప్పా? తెలియని అడివిలో చేసింది గొప్పా, మనూరి వాగులో చేసింది గొప్పా? బావకు జీతమిచ్చి పంపారు, మా ఆయనకు వాగులో దిగమని ఎవరు జీతమిచ్చారు? ఇవన్నీ నా వాదాలు. మా తోడికోడలు వాదించేదే కాదు. అదే కథ, అవే మాటలు, అదే వాన, అదే బురద. ఒక్క అక్షరం పెరిగేది కాదు, తగ్గేది కాదు. జనం మళ్ళీ మళ్ళీ అదే అడిగి వినేవారు.

నాకు ఉక్రోషం పట్టలేక వాగులో నీళ్ళు పెంచాను. నడుము లోతు రొమ్ము లోతైంది. ఇంకో వారానికి గొంతు దాకా తెచ్చాను.

"గొంతు లోతైతే ఆ మేక యాడ నిలబడిందమ్మే?" అని అడిగింది పక్కింటి అవ్వ.

వసారా వసారా గొల్లుమంది. మా తోడికోడలు నవ్వలేదు. తల వంచుకుని, పెదవి కొంచెం కదిలించి ఊరుకుంది. నవ్వి ఉంటే తిట్టిపోసేదాన్ని.

ఇదంతా ఉత్త గొప్పల పోటీ అయితే పోనీలే అనుకుందును. మామ పోయి ఏడాది కావస్తోంది. ఆయన చేతికుండే వెండి కడియం అత్త పెట్టెలో ఉంది. "ఇంటికి పేరు తెచ్చినోని చేతికేస్తా, ఏడూడి దినం అందురి ముందరా" అని అత్త అప్పుడే చెప్పేసింది. నాకు ఆ కడియం కావాలి. బొగ్గు మసి పట్టిన మా ఆయన చేతికి అది ఎక్కితే, బంధువులంతా చూస్తే, ఇక జన్మలో నన్నెవరూ క్లీనరు పెళ్ళామని అనరు.

ఏడూడికి, అంటే మామ సంవత్సరీకానికి, ముందు రోజు సాయంత్రం పిడకల కోసం గడ్డివామి వెనక్కి పోయాను. అవతలి వైపు అన్నదమ్ములిద్దరూ మోకు పేనుతున్నారు. బావ గొంతు వినపడింది.

"అమ్మ ఆ కడియం నాకే అంటాంది. నేనెట్ల ఏసుకునేదిరా? నేనెవుర్నీ మోయలేదు. కాలిరిగి పడింటే నన్నే మోసినారు. ఒక అరవాయన. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. ఆస్పత్రి డేరా కాడ దించి మళ్ళా ఎనక్కి పోయినాడు. ఏమైనాడో తెలీదు. మీ వదినకు ఉన్నదున్నట్టే చెప్పినా. ఆమె తిప్పి చెప్పింది."

మా ఆయన ఏమీ అనలేదు. ఆయనెప్పుడు అన్నాడు గనక.

నేను పిడకలు అక్కడే పారేసి వంటింట్లోకి పోయాను. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మా తోడికోడలు సంగటి గెలుకుతోంది.

"అక్కా, బావ మోసినాడా, బావను మోసినారా?"

ఆమె తెడ్డు ఆపలేదు. "ఇనేసినావా" అంది. "వచ్చిన కొత్తల్లో నువ్వూ చూసినావు గదా. గోడతట్టు తిరుక్కొని పండుకునె. ముద్ద ముట్టకపాయె. యుద్ధానికి పోయి కుంటుకుంట పారొచ్చినాడని ఊర్లో అంటాంటే ఇని వణికిపాయె. ఒక పొద్దు బాయికాడ నా నోటికి ఆ మాట వచ్చేసింది. మర్నాడు ఎవురో పిల్చి అరుగు మీద కూచోబెట్టుకున్నారు. ఆ పొద్దు సంగటి తిన్యాడు." ముద్ద చేసి పళ్ళెంలో పెట్టింది. "చెప్పుకుంటే చెప్పుకోపో. నీ నోరు నీది."

ఎంత పొగరు! కాళ్ళు పట్టుకుంటుందనుకున్నాను. కనీసం కన్నీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. అదీ లేదు.

మర్నాడు చుట్టాలంతా భోజనాలు చేసి కూర్చున్నారు. అత్త కడియం పట్టుకుని నిలబడింది. "పెద్దోనికేస్తాండా. ఎవురికన్నా మాటుంటే ఇప్పుడే అనండి" అంది. అందరి కళ్ళూ నా మీదే. నా నోటి సంగతి అందరికీ తెలుసు. బావ కుంటి కాలు ముందుకు చాపుకుని, రెండు చేతులూ తొడల కింద దాచుకుని కూర్చున్నాడు. మా తోడికోడలు గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ చేతి వేళ్ళు తెల్లబడి ఉండటం చూశాను.

నేను లేచాను.

"బావకే ఎయ్యత్తా. ఆయన నడిచిన అడివి ముందర మా వాగెంత? మోకాటి లోతు నీళ్ళు. నేనే పెంచి చెప్పినా" అన్నాను.

బావ తల ఎత్తి నాకేసి చూశాడు. అత్త ఆయన చెయ్యి లాగి కడియం తొడిగింది. నేను చూడలేక పెరట్లోకి పోయాను.

మా ఆయన వెనకే వచ్చాడు. మంచి పని చేశావంటాడేమో అనుకున్నాను. మొహం ముడుచుకుని ఉంది.

"నడుము దాకా వచ్చినాయి మే నీళ్ళు. మోకాటి లోతంటావేందీ?"

ఆ వాగు గురించి ఆయన తనంతట తాను నోరు విప్పడం అదే మొదలు.

"ఆ మేక గూడ," అన్నాడు, ఇంకా కోపంగానే, "యాడా నిలబడలేదు. నా బుజం మింద ఉండె. దిగు దిగంటే దిగదు, చెవి కొరికె."

పరుగెత్తి పోయి ఆ మాట వసారాలో అవ్వ మొహం మీదే చెప్పాలని ఒక అడుగు వేసి ఆగిపోయాను. మోకాటి లోతు అని ఇప్పుడే కదా నలుగురిలో చెప్పి వచ్చాను. ఇంత మంచి కథ, చెవి కొరికిన మేకతో సహా నా చేతికొచ్చింది, చెప్పుకోడానికి లేకుండా పోయింది. లోపల మా తోడికోడలు ఎవరో కొత్త చుట్టానికి మొదలుపెట్టింది. అదే వాన, అదే బురద, అవే జలగలు. అందరూ చప్పుడు చేయకుండా వింటున్నారు. నాకు కడుపు మండిపోయింది.