దేవుడి పటం వెనక కుక్క చీటీ

మా ఇంటికి కుక్క బాపట్ల నుంచి వచ్చింది. అక్కడ ఉద్యోగం చేసే మా అమ్మాయి ముచ్చటపడి కొనుక్కుంది. టెర్రియర్ అంటారట. ఎత్తు ఐదు లీటర్ల కుక్కరంత. ఒళ్లంతా తెలుపు, ఒక చెవి మాత్రం ఇటుక రంగు. మూడు నెలల్లో అది కింది వాటాలో ఇద్దరినీ, పై వాటాలో ఒకరినీ కరిచింది. కుక్కయినా ఉండాలి, మీరైనా ఉండాలి అన్నారు ఇంటివాళ్ళు. అమ్మాయి తను ఉండిపోయి, కుక్కను తీసుకెళ్ళమని నన్ను పిలిచింది.

వెళ్ళేముందు పశువుల డాక్టరుకు చూపించమని చెప్పి తను ఆఫీసుకు వెళ్ళిపోయింది. అక్కడ నాకు ముందు రెండు గేదెలు, వెనక ఒక మేక. డాక్టరుగారు కుక్క పళ్ళు చూశారు, చెవులు చూశారు. కుక్క ఆయన చొక్కా చెయ్యి చూసింది.

"జబ్బేం లేదమ్మా. ఎలకల్ని పట్టడానికి పెంచిన జాతి ఇది, ఊరికే కూర్చోలేదు. ఏం చెయ్యాలో అంతా రాశాను. తెలుగులోనే రాశాను. చదువుకుంటారుగా?"

"చదువుకుంటానండి" అన్నాను.

అప్పటికి నాకు యాభై ఏడేళ్ళు. ఒక్క అక్షరం రాదు.

తెనాలి వచ్చి ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని దేవుడి పటం వెనక పెట్టాను. రాత ఉన్న కాగితం ఏదైనా మా ఇంట్లో అక్కడికే వెళుతుంది. పెళ్ళి పత్రికలు, కరెంటు ఆఫీసు కాగితాలు, అన్నీ అక్కడే. శుక్రవారం పటానికి బొట్టు పెట్టేటప్పుడు వాటికీ తలా ఒకటి పెడతాను. కుక్క చీటీకీ పెట్టాను. డాక్టరు ఏమన్నారని అమ్మాయి ఫోనులో అడిగితే, జబ్బేం లేదన్నారని చెప్పాను. అది అబద్ధం కాదు.

గేటు చప్పుడైతే చాలు, కుక్క మొరిగేది. పాలాయన వస్తే మొరిగేది, పక్కింటికి ఎవరైనా వచ్చినా మొరిగేది. దిష్టి తగిలిందేమో చూడమన్నారు ఎదురింటివాళ్ళు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. నాకు దగ్గొచ్చింది. కుక్కకు రాలేదు.

ఇంటికి వచ్చినవాళ్ళ ఎదుట ఇంట్లోవాళ్ళను కసరకూడదని మా అత్తగారు నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పారు. తమనే అన్నారని వచ్చినవాళ్ళు అనుకుంటారట. ఆవిడ పోయి చాలా ఏళ్ళయినా నేను ఆ మాట దాటలేదు. అందుకని కుక్క మొరిగితే గొంతు పెంచకుండా బిస్కెట్ పెట్టేదాన్ని. బిస్కెట్ నోట్లో ఉన్నంతసేపూ ఊరుకునేది. తర్వాత మళ్ళీ మొదలు. మళ్ళీ బిస్కెట్.

ఆ రోజుల్లోనే పక్కింటి టీచరుగారు నాకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నారు, నాకన్నా చిన్న. బస్టాండులో రేపల్లె బస్సేదో బాపట్ల బస్సేదో ఎవరినీ అడగకుండా ఎక్కాలని ఉందని ఒకసారి ఆవిడతో అన్నాను. మర్నాడు నాలుగింటికి పలకతో వచ్చారు. గుణింతాలు అయిపోయి ఒత్తుల్లో పడ్డాక, ఒక బుధవారం కుక్క ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకుని గుమ్మం దాకా లాక్కుపోయింది. కొత్త చీరాల చీర.

"అక్కగారూ, నేను ముప్పై ఏళ్ళు ఐదో తరగతి పిల్లలకి చెప్పాను. ఒక్కళ్ళు కూడా నన్ను కరవలేదు" అన్నారావిడ. "ఇది ఉన్నంతకాలం నేను లోపలికి రాను. అరుగు మీద చెప్తాను."

సంగతి అమ్మాయికి తెలిసింది. "రేపల్లె అత్తయ్య ఎప్పటినుంచో అడుగుతోంది కదమ్మా, ఇచ్చెయ్" అంది. రేపల్లెలో ఉన్నది మా ఆయన అక్క, నాకు వదిన. ఆవిడ ధాన్యం గదిలో పందికొక్కులు పడ్డాయి. కుక్కను ఆ గది తలుపుకు గొలుసుతో కట్టేస్తానంది. ఆదివారం రైల్లో వచ్చి తీసుకెళ్ళేట్టు వాళ్ళిద్దరూ అనుకున్నారు.

ఆ పందికొక్కుల్ని నేను చూశాను. కుక్కకన్నా లావు. పైగా మా ఆయన పోయాక ఈ ఇంట్లో నేను లేస్తే లేచేది, నేను కూర్చుంటే కూర్చునేది అదొక్కటే. పంపడం నాకు ఇష్టం లేదు. ఇష్టమా అని నన్నెవరూ అడగలేదు.

గురువారం టీచరుగారు అరుగు మీద కూర్చుని, "ఇవాళ పుస్తకం వద్దు, చేతిరాత చదువుదాం. ఎవరైనా రాసిన కాగితం ఉంటే తీసుకురండి" అన్నారు. పటం వెనక చేతిరాత ఒక్కటే ఉంది. తెచ్చాను.

"ఇదేంటండీ, బొట్లు పెట్టారు?"

"శుక్రవారాలు పెట్టానండి."

ఆవిడ చీటీని పైనుంచి కిందికి తనలో తను చూసుకుని, నా ఒళ్ళో పెట్టారు. "మీరే చదవండి."

మొదటి వరసకే దీపాలు పెట్టే వేళయింది. ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగాను. "మొరిగేటప్పుడు తినడానికి ఏమీ పెట్టవద్దు" అని ఉంది. రెండోసారి చదివినా అదే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నారు?" అన్నారు టీచరుగారు.

"వచ్చినప్పటి నుంచీనండి."

"రోజుకెన్ని?"

"ఎంతమంది వస్తే అన్నండి."

"అంటే ఉద్యోగం ఇచ్చారన్నమాట. మొరిగితే జీతం."

శుక్రవారం రెండో వరస చదివాను. నోరు మూశాక, మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు పెట్టాలి. మూడో వరస మీద బొట్లన్నీ ఒకేచోట పడ్డాయి, టీచరుగారికి కూడా అందలేదు. నాలుగోది, ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఇది తేలికే అనుకున్నాను.

శనివారం పొద్దున పాలాయన వచ్చాడు. కుక్క మొరిగింది. నేను కదల్లేదు. అది బిస్కెట్ల డబ్బా వంక చూసింది, నా వంక చూసింది, ఇంకా గట్టిగా మొరిగింది.

"బిస్కెట్లు అయిపోయాయా పిన్నీ? కొట్టునుంచి తెచ్చిపెట్టమంటారా?" అన్నాడాయన.

వద్దన్నాను. ఆయన వెళ్ళేదాకా మొరిగింది. సాయంత్రం వచ్చినవాళ్ళకు మాత్రం మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవడానికి ఆగింది. రెండుసార్లూ పది లెక్కపెట్టే లోపల మొదలుపెట్టింది.

ఆదివారం వదిన మూత ఉన్న వెదురుబుట్టతో దిగింది. కుక్క ఆవిడ కాళ్ళ చుట్టూ తిరుగుతూ మొరిగింది. నేను కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, దాని వంక చూడకుండా కూర్చున్నాను.

"ఏంటే, దాని నోరు మూయించవా? ఇంటికొచ్చినదాన్ని అలా తిడుతుంటే చూస్తావేం?"

"ఆగుతుంది వదినా. కాసేపు చూడండి."

ఆవిడ కాసేపు చూసింది. తర్వాత సంచీలోంచి జంతిక తీసి చెయ్యి చాపింది.

"పెట్టకండి" అన్నాను. ఆ ఇంట్లో నా గొంతు అంత పైకి లేవడం నేనే ఎప్పుడూ వినలేదు. వదిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కుక్క కూడా ఆగింది.

"మా అమ్మ ఉంటే ఈ మాట అనేదానివా?"

"అనేదాన్ని కాదు వదినా. కానీ పెట్టకూడదని చీటీలో ఉంది."

"నీకు చీటీ ఎవరు చదివి పెట్టారు?"

"నేనే చదువుకున్నాను."

వదిన నా మొహం చూసింది. నేను లోపల ఆరు, ఏడు లెక్కపెడుతున్నాను. పది కాగానే లేచి బిస్కెట్ పెట్టాను. కుక్క తిని, వదిన చెప్పుల మీద పడుకుంది. ఆవిడ జంతిక తనే తినేసింది.

సాయంత్రం రైలుకు బుట్ట ఖాళీగానే వెళ్ళింది. "ఒక నెల చూస్తాను. మళ్ళీ ఎవరినైనా కరిస్తే నేనే వచ్చి తీసుకుపోతా" అని గేటు దగ్గర చెప్పింది. అంతకుముందు కుక్క దగ్గర్నుంచి ఆవిడ చెప్పులు ఇప్పించడానికి నాకు ఇంకో పది లెక్క పట్టింది.

ఆ నెల దాటి ఏడాదైంది. టీచరుగారు లోపలికే వస్తున్నారు, కాళ్ళు మాత్రం స్టూలు మీద పెట్టుకుంటారు. పాలాయనను కుక్క మూడు మొరుగుళ్ళతో వదిలేస్తుంది. గ్యాసు సిలిండరు తెచ్చే ఆయనను మాత్రం ఇప్పటికీ గేటు దాటనివ్వదు. దానికి ఏం చెయ్యాలో మూడో వరసలో ఉండి ఉంటుంది.