పాపన్న రెండో తూకం

పాపన్న ఏ అంకెనూ ఒక్కసారికి నమ్మడు. పుంగనూరు వేబ్రిడ్జిలో ముప్పై ఏళ్ళు లారీలు తూచి రిటైరైన మనిషి. ఇప్పుడు వారానికి మూడుసార్లు మదనపల్లెకు డయాలసిస్‌కు వస్తున్నా ఆ ఉద్యోగం మాత్రం మానలేదు. లారీ బదులు తనే కాటా ఎక్కుతాడు, దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. అంకె మారదు. అయినా "ఇంకోసారి సూద్దాం" అంటాడు.

వార్డు నర్సు వాణికి మొదటి నెల చిరాకు, రెండో నెల తలనొప్పి, మూడో నెలకు అలవాటు. బీపీ రెండుసార్లు. జ్వరం రెండుసార్లు. నెలనెలా వచ్చే రక్తపరీక్షల కాగితమైతే పురాణం చదివించుకున్నట్టు మళ్ళీ మొదట్నుంచి.

"పారాథైరాయిడ్ హార్మోను, నాలుగు వందల ఎనభై," అని చదివేది వాణి.

"ఇంకోసారి సదువమ్మా."

"మళ్ళీ చదివితే తగ్గుతుందా తాతా?"

"తగ్గదులే. నువ్వు సదివేలోపల పెరగలేదు గదా అని."

ఒకరోజు ఆయన భార్య సుభద్రమ్మ తోడు వస్తే వాణి మొర పెట్టుకుంది. ఆమె వక్క నములుతూ, "పెండ్లిలో మూడు ముళ్ళేసి, సరిగ్గా ఉండాయా సూడప్పా అని అయ్యోరి చేత లెక్కబెట్టించినాడు. నలభై అయిదేండ్లాయ. ఇంగా అనుమానంగానే ఉండాడు," అంది.

పాపన్న పక్క మంచం కౌసల్యది. పుట్టిల్లు కుప్పం, మెట్టినిల్లు పెద్దతిప్పసముద్రం. ముప్పై రెండేళ్ళకే మెడలో గొట్టం, దాని ద్వారానే డయాలసిస్. భర్త ధనుంజయ మంచివాడే. మిషను నడిచినంతసేపూ మంచం పక్కనే కూర్చుని, ఆమెను బస్సెక్కించి, అప్పుడు డ్యూటీకి పోతాడు. కాకపోతే ఆమెనేం అడిగినా జవాబు ఆయనే చెబుతాడు.

ఆ నెల ఆమె సి.ఆర్.పి. యాభై ఎనిమిది వచ్చింది. పది లోపు ఉండాల్సింది. డాక్టరు రేఖ కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"ఒంట్లో ఎక్కడో వాపుంది, నిప్పు రాజుకుంటోంది అని చెప్పే అంకె ఇది. ఎక్కడో చెప్పదు. అది మీరే చెప్పాలి. జ్వరమొస్తోందా? చలి పుడుతోందా?"

"అట్లాంటిదేం లేదు మేడం. బాగుండాది," అన్నాడు ధనుంజయ.

కౌసల్య దుప్పటి అంచు చూస్తూ ఉండిపోయింది.

తర్వాత వచ్చిన రోజు పాపన్న కాటా మూడుసార్లు ఎక్కాడు. నాలుగోసారి ఎక్కి గొడవకు దిగాడు.

"నా కండ్లకు అంకె మసగ్గా ఉండాది. ధనుంజయప్పా, నువ్వొచ్చి సదువు. దిలీపూ, నువ్వా పక్క పట్టుకో, ఊగుతాండాది."

టెక్నీషియను దిలీప్ తల పట్టుకున్నాడు. ధనుంజయ లేచి వెళ్ళి అంకె చదివాడు. పాపన్న కాలు కదిపాడు, అంకె మారింది. మళ్ళీ చదవమన్నాడు. తోడు వచ్చిన మగవాళ్ళంతా వినోదం చూడ్డానికి కాటా చుట్టూ చేరారు. కేకలేద్దామని కదిలిన వాణిని వెనకనుంచి ఎవరో కొంగు పట్టి ఆపారు. కౌసల్య.

"అక్కా, తెర లాగు."

తెర వెనక గబగబా చెప్పింది. "బస్సెక్కినంక వణుకు పుడతాది. ప్రతిసారీ. ఇంటికి పొయ్యేసరికి ఒళ్ళు కాలతాంటాది. గోలీ ఏసుకుంటే ఆయప్ప వచ్చేలోపల తగ్గుతాది." ఇంకా దగ్గరికి జరిగింది. "ముట్టు నిలిచిపోయి ఏడు నెల్లాయక్కా. జ్వరమని సెప్తే అన్నీ అడుగుతారు. అది ఆయప్ప ముందర సెప్పను నోరు రాదు. నేనింగ ఆడమనిషినేనా అనిపిస్తాది. వచ్చే వారం నుంచి ఈడికి రాకుండా నిలిచిపోదామనుకుంటి."

వాణి ఆమె చెయ్యి పట్టుకుంది. "కిడ్నీలు పాడైతే హార్మోన్లు తారుమారవుతాయమ్మా. చాలామందికి ఇట్లాగే నిలిచిపోతుంది. నీ తప్పేమీ లేదు. ముందు ఆ వణుకు సంగతి చూడాలి."

ఆ రోజే రక్తం పరీక్షకు పంపారు. మెడలోని గొట్టానికి క్రిములు పట్టాయని తేలింది. అది తీసేసి, మందులెక్కించి, తర్వాత రెండో పక్క కొత్తది వేశారు. ప్రోలాక్టిన్ అనే హార్మోను ఎక్కువై నెలసరి ఆగిందని, కౌసల్య సరేనన్నాకే రేఖ ధనుంజయకు వివరించింది. నెలసరి రావచ్చు, రాకపోవచ్చు అని ఉన్నమాటే చెప్పింది. అతను కౌసల్య వైపు తిరిగాడు.

"నాతో ఒక మాట సెప్పుంటే..." అని మొదలుపెట్టి, తనే ఆగి, "నేను మాట్లాడనిస్తే గదా," అన్నాడు.

నెలన్నరకు సి.ఆర్.పి. ఏడుకు దిగింది. ఆ రోజు వాణి కౌసల్యను అడిగింది, అంత ధైర్యం అప్పుడెట్లా వచ్చిందని.

"ఆయప్ప బస్సెక్కించి పోయినంక, బస్టాండులోనే నేను సీట్లో వణుకుతాంటే తాత సూసినాడక్కా. ఏమైంది తల్లీ అన్నాడు. నీతో సెప్పలేను తాతా అంటి. 'నాకు యాల సెప్పడం? వాణమ్మకు సెప్పు. నేను కాటా మీద ఉన్నంతసేపూ టైము నీదే' అన్నాడు."

వాణికి వెనకటి రోజులు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. బీపీ మిషను మీద పాపన్న రగడ చేసిన పూటే మూల మంచం అమరావతి, మాత్రలు మానేశానని తన చెవిలో చెప్పింది. థర్మామీటరు గొడవ రోజున కిటికీ పక్క మంచం శ్రీరాములు రహస్యంగా ఏదో చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం పాపన్న దగ్గర నిలబడింది. "నిజం చెప్పు తాతా. కాటా మీద నీకు అనుమానమేమీ లేదు కదా?"

పాపన్న మొహం ముడుచుకున్నాడు. "యాల లేదు? రెండు నూర్ల గ్రాములు తప్పు సూపిస్తాండాది. వచ్చిన మొదటిరోజే సెప్పినా. ఎవురు ఇన్యారు?"

మర్నాడు మెకానిక్కు వచ్చి చూశాడు. సరిగ్గా రెండు వందల గ్రాములు.

"బాగు చేయించేశాను తాతా," అంది వాణి. తర్వాత గొంతు తగ్గించింది. "అయినా నువ్వు నమ్మొద్దు."

"నేనెప్పుడు నమ్మినానమ్మా," అన్నాడు పాపన్న.