అల్ వక్రాలో కాజీపేట

పోయిన చలికాలం దోహాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, ఓ శుక్రవారం అల్ అజీజియాలో మెట్రో ఎక్కి, ముషైరిబ్‌లో బండి మారి, అల్ వక్రా దాకా వెళ్ళాం. చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. ఒకప్పుడు మీరు కాపురం ఉన్న ఊరే కదా, ఓసారి చూసి వద్దాం రండి అని మా అమ్మాయే బయల్దేరదీసింది. నాకు మోకాళ్ళ నొప్పి, మా ఆయనకి నిద్ర. బండి నేల కింద నుంచి పైకి వచ్చి సాయంత్రపు ఎండ మొహాన పడగానే ఆయనకి మెలకువ వచ్చింది. పక్కన కూర్చున్న మలయాళీ పెద్దమనిషి ఏమీ అడక్కుండానే ఈయన, "ఈ దేశంలో మొట్టమొదట రైలు నడిపింది మేమేనండీ, తొంభైల్లో, ఈ వక్రాలోనే" అని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ఆ పెద్దమనిషి మర్యాదగా తలూపి, వచ్చిన స్టేషన్లో దిగిపోయాడు. అతను దిగాల్సిన స్టేషను అదేనా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.

మా ఆయన చెప్పింది మరీ అబద్ధమూ కాదు. ఆ రోజుల్లో కంపెనీ మాకిచ్చిన విల్లా అల్ వక్రాలో, సముద్రానికి కాస్త ఇవతల ఉండేది. పాత ఇల్లు. వంటింటి వెనక, ప్రహరీ గోడకీ ఇంటికీ మధ్య పొడుగ్గా ఓ జాగా, పైన రేకులు. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే. అక్కడే నా బట్టల తీగలు, రెండు కుండీల్లో కరివేపాకు, ఓ ప్లాస్టిక్ కుర్చీ. మధ్యాహ్నం పనయ్యాక ఆ కుర్చీలో ఓ అరగంట ఊరికే కూర్చోవడం తప్ప ఆ దేశంలో నేను కోరుకున్నది పెద్దగా ఏమీ లేదు. సరిగ్గా ఆ జాగా మీదే పడింది ఆయన కన్ను.

అసలు ఆ రోజు ఆయన వెళ్ళింది భోజనాల బల్ల కోసం. ఉద్యోగం ముగించుకుని దేశం వదిలిపోయేవాళ్ళు ఇంటి సామానంతా వాకిట్లో పెట్టి అమ్ముకోవడం అక్కడి రివాజు. ఆయన ఆఫీసులో ఇంజినీరు, ఓ ఇంగ్లీషాయన, వెళ్ళిపోతూ టేకు బల్ల అమ్ముతున్నాడని తెలిసి, మా కాలు వంకర బల్ల మీద తిని తిని విసిగిపోయిన నేనే ఆయన్ని తరిమి పంపాను. బల్లని ఎవరో ముందే ఎత్తుకుపోయారట. ఈయన డిక్కీ నిండా అట్టపెట్టెలతో వచ్చారు. అన్నిట్లోనూ రైలు పట్టాలు, అరచేతిలో పట్టే ఇంజిన్లు, వేలెడేసి పెట్టెలు. ఈ వయసులో ఈ బొమ్మలేమిటండీ అంటే, "బొమ్మలు కావే, మోడల్స్" అన్నారు. ఆ తేడా అప్పట్నించీ చెబుతూనే ఉన్నారు, నాకు ఎక్కలేదు. బల్ల కాలి కింద కొత్త అట్టముక్క ఒకటి మడిచి పెట్టుకుని అన్నాలు తిన్నాం.

ఆయనొక్కరే అయితే ఆ పెట్టెలు మంచం కిందే పడి ఉండేవి. కానీ కంపెనీ స్టోర్స్‌లో పనిచేసే కాజీపేట భాయ్‌తో చెప్పారు. భాయ్ వాళ్ళ నాన్న రైలింజను డ్రైవరు. పుట్టిందీ పెరిగిందీ కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో. ఆ తరువాత తమ్ముడికీ రైల్వేలోనే ఉద్యోగం రావడంతో ఆ క్వార్టరు వాళ్ళ చేతిలోనే నిలబడింది. మా మామగారేమో బెజవాడ పక్క స్టేషన్ మాస్టరుగా చేశారు. రైలు కూత వినపడని దేశంలో ఈ ఇద్దరూ ఒకరికొకరు దొరికారు. ఇంక చెప్పేదేముంది.

భాయ్ ముషైరిబ్‌లో ఓ పాత మేడమీద గదిలో ఇంకొందరితో కలిసి ఉండేవాడు. భార్య, కూతురు కాజీపేటలో. అతని జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. భార్య దగ్గర లేని మగవాణ్ణి, పెళ్ళయి పిల్లలున్నా సరే, గల్ఫ్‌లో బ్యాచిలర్ అనే అంటారు. చెంపలు నెరిసిన భాయ్ కూడా బ్యాచిలరే. మా విల్లాల వైపు అలాంటివాళ్ళు ఒంటరిగా వస్తే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేసేవాడు. అందుకని ప్రతి శుక్రవారం మా ఆయనే కారేసుకుని వెళ్ళి, మా చుట్టమన్నట్టు తీసుకొచ్చేవారు. ఫోను ఖరీదైన రోజులు కాబట్టి భాయ్ వాళ్ళావిడ క్యాసెట్లో మాట్లాడి, ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత పంపేది. ప్రతి క్యాసెట్టు చివరా ఒకటే ప్రశ్నట: "ఎప్పుడొస్తవ్? ఉండనీకొస్తవా, మళ్ళ పోనీకొస్తవా?" భాయ్ ఇది నవ్వుతూ చెప్పేవాడు. లీవు వచ్చినప్పుడల్లా ఏదో సాకుతో వాయిదా వేసేవాడు. ఇదేం పద్ధతయ్యా అని ఓసారి నేను గట్టిగానే అడిగాను. "పోతే మళ్ళ రాబుద్ధి గాదు వదినా. గందుకే పోత లేను" అన్నాడు.

నా బట్టల జాగాలో ఆ రైళ్ళకి గది కట్టడానికి ఓ చలికాలమంతా పట్టింది. ఇంటి ఓనరు ముసలాయన వచ్చి, చెక్కల గుట్ట చూసి, "శునూ హాదా?" అని అడిగాడు. ఇదేమిటని ఆయన ప్రశ్న. మా ఆయన ఓ ఇంజిను తీసి ఆయన అరచేతిలో పెట్టారు. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మాఫీ ముష్కిల్" అని ఒప్పుకున్నాడు, ఖాళీ చేసేటప్పుడు జాగా ఎలా ఉన్నది అలా అప్పగించాలన్న షరతుతో. స్టోర్స్‌లో పారేసే ప్యాకింగ్ చెక్కలు భాయ్ అడిగి తెచ్చేవాడు. నా తీగలు పీకేశారు. రేకుల కింద థర్మోకోల్, దాని కింద ప్లైవుడ్, రెండు పక్కలా చెక్క గోడలు, ఇసుక దూరకుండా సందు సందుకీ టేపు. ఏసీకి ఓ కన్నం తప్ప కిటికీ అన్నది లేదు. నేను బట్టల బకెట్టు మోసుకుంటూ మేడ మెట్లెక్కడం మొదలుపెట్టాను. దుమ్ము లేచిన రోజు ఆరిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవడం. ఇవాళ్టి నా మోకాళ్ళకి ఆ మెట్లే కారణమని డాక్టరు ఒప్పుకోడు గానీ నేను ఒప్పుకుంటాను.

గదికి ఒక చివర కాజీపేట, ఇంకో చివర బెజవాడ, మధ్యలో డోర్నకల్లు. ఇద్దరూ చెరో చివర కూర్చుని బండ్లు పంపుకునేవారు. "బెజవాడ జంక్షన్ ముందు మీ కాజీపేట ఎంతయ్యా" అని ఈయన, "కాజీపేటల సిగ్నల్ ఇయ్యకుంటే మీ బెజవాడకు బండేడికెళ్ళి వస్తదన్నా" అని అతను. తగువు తేలేదాకా బండి డోర్నకల్లులో ఆగి ఉండేది. నేను టీలు అందిస్తూ, కాళ్ళకింద వైర్లు దాటుకుంటూ, ఈ శుక్రవారం ఎప్పుడు చీకటి పడుతుందా అని చూసేదాన్ని. నిజానికి భాయ్ ధ్యాస బండ్ల మీద కంటే క్వార్టర్స్ మీదే. అట్టముక్కలు కోసి, అంటించి, వరసగా ఇళ్ళు లేపాడు. చివరి ఇల్లు అతనిది.

మరుసటి వేసవి సెలవులకి అందరిలాగే మేమూ ఊరికి బయల్దేరాం. గల్ఫ్‌లో సెలవులకి ఇల్లు వదలడం ఓ తంతు. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు బార్లా తీసి పెట్టాలి, గ్యాస్ కట్టాలి, కుళాయిలు బిగించాలి, గడప దాటేముందు మెయిన్ స్విచ్ దించాలి. ఎండలకి వైర్లు కాలి ఇళ్ళు అంటుకున్న కథలు విననివాళ్ళు లేరక్కడ. పైగా మా ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరు. అన్నీ వరసగా చేసి, మెయిన్ దించి, "అంతా సేఫ్" అని తాళం వేశారు. బెజవాడలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఈయన మంచం మీద లేచి కూర్చుని, "గది ఏసీ కూడా ఆ మెయిన్ మీదే ఉందే. అది నడవకపోతే లోపల అన్నీ ఉడికిపోతాయి" అన్నారు. వెంటనే భాయ్‌కి ఫోన్ చేశారు. పాపం, అతను అంత దూరమూ వెళ్ళాడట. మేం లేని ఇంటికి బ్యాచిలర్‌ని ఎవరు రానిస్తారు? గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేశారు. తాళం చెవి ఎలాగూ మా సంచిలోనే ఉంది.

తిరిగొచ్చి ఆ గది తలుపు తీస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు మొహానికి ఆవిరి కొట్టింది. ఎండకీ, ఆగస్టు ఉక్కకీ ప్లైవుడ్ ఉబ్బి పైకి లేచింది. పట్టాలు మెలికలు తిరిగాయి. జిగురు ఊడి కాజీపేట క్వార్టర్స్ మొత్తం ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. నేను లోపల సంతోషిస్తానేమో అనుకున్నాను, ఇంక తీగలు కట్టుకోవచ్చు కదా అని. తీరా ఆ కూలిన ఇళ్ళు చూశాక ఏడుపొచ్చింది.

అదీగాక ఆ చలికాలానికే భాయ్ వాళ్ళావిడ వస్తోంది. మా ఆయన ఎవరెవరినో పట్టుకుని ఆవిడకి విజిట్ వీసా సాధించారు. కూతురికి బడి ఉంది కాబట్టి అమ్మమ్మ దగ్గర వదిలి ఒక్కతే వస్తుంది. భాయ్ గదిలోకి వచ్చి, వాలిన ఇళ్ళని ఒక్కొక్కటే నిలబెట్టబోయి, అవి నిలబడక, చేతులు దులుపుకున్నాడు. "ఏం గాదన్నా. మళ్ళ చేద్దం. ఆమె వచ్చేసరికి కావాలె" అన్నాడు. తరువాత వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ నాతో అన్నాడు: "నేనీడ మంచిగున్ననని ఆమె కండ్లతోని చూడాలె వదినా. చూస్తే ఇగ రమ్మని అడగది." అప్పుడు అర్థమైంది నాకు, ఈ గది అతనికి ఆట కాదని.

ఇక నేనూ దిగక తప్పలేదు. మైదా ఉడికించి, పాత పేపర్లు తడిపి, పొరలు పొరలుగా గుట్టలు కట్టాను. ఆ మైదా కోసం అల్ వక్రాలోని బొద్దింకలన్నీ మా ఇంటికే వచ్చాయి. శుక్రవారాలు చాలక ఆఫీసయ్యాక కూడా ఈయన భాయ్‌ని తీసుకొచ్చేవారు. వంట, గది, మళ్ళీ వంట. ఒళ్ళు హూనమైపోయేది. భాయ్ ఈసారి క్వార్టర్స్‌ని చెక్కతో కట్టాడు. ఇంటి ముందు జామచెట్టు, దాని కింద బట్టలుతికే బండ, నీలం రంగు తలుపు. ఆ తలుపుకి రంగు వేసింది నేనే. "ఇంకొంచెం ముదురు నీలం వదినా" అని రెండుసార్లు వేయించాడు. అన్నీ అయ్యాక గడపలో చిన్న మనిషిని నిలబెట్టాడు. చంకలో బిడ్డతో ఓ ఆడమనిషి.

ఆవిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. సెలవుకి వెళ్ళిన ఎవరిదో ఫ్లాట్ అడిగి అందులో దిగారు. తొలి శుక్రవారమే మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాడు భాయ్. వస్తూ డబ్బా నిండా సకినాలు తెచ్చింది. నాతోపాటు వంటింట్లోకి వచ్చి, చెప్పకుండానే ఉల్లిపాయలు అందుకుని తరుగుతూ, "అక్కా, నేను దేశం చూడనీకి రాలే. ఆయన్ను తోల్కపోనీకొచ్చిన" అంది. తల ఎత్తలేదు. నేను కూర కలుపుతూ ఉండిపోయాను. గదిలో నుంచి ఇంజిను కూత వినపడుతోంది.

భోజనాలకి ముందే గది చూడాలని భాయ్ తొందర. మా ఆయన బెజవాడ నుంచి బండి వదిలారు. వంతెన దాటి, నా మైదా గుట్టలు చుట్టి, డోర్నకల్లులో ఆగకుండా కాజీపేట చేరింది. భాయ్ బండిని చూడ్డంలేదు, భార్య మొహం చూస్తున్నాడు. ఆవిడ మెల్లగా నడిచి వెళ్ళి క్వార్టర్స్ ముందు వంగి, చివరి ఇంటి దగ్గర ఆగింది.

"మనదే. గుర్తువట్టలే?" అన్నాడు భాయ్.

ఆవిడ నా వైపు తిరిగింది. వాళ్ళిద్దరూ మామూలుగా మాట్లాడుకునేది ఉర్దూలో. ఈ మాటలు మాత్రం తెలుగులో అంది, మేమూ వినాలనేమో. "జామచెట్టు కొట్టేసి ఎన్నేండ్లయిందో మీ మరిదిని అడుగక్కా. తలుపుకు పచ్చరంగు నేనే ఏసిన. అన్ని క్యాసెట్ల చెప్పిన." గడపలో ఉన్న బొమ్మని వేలితో తాకింది. "చంకల పిల్ల ఎవలు? మన బిడ్డ నా భుజం దాక వచ్చింది. ఇప్పుడు నా జడ అదే అల్లుతది."

"నాకు తెల్సు" అన్నాడు భాయ్. "గని నాకు యాదికున్నది ఇదే."

"మరి నేనుంటున్న ఇల్లు ఎవలది?" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. మా ఆయన బండిని ఆపడం మర్చిపోయారు. అది ఆ కాస్త గదిలో కాజీపేటకీ బెజవాడకీ తిరుగుతూనే ఉంది. ఎంతసేపటికో స్విచ్ ఆపారు.

అన్నాలు తిన్నాం. ఆవిడ కడుపునిండా తిని, గోంగూర పచ్చడి మళ్ళీ అడిగి వేయించుకుంది. భాయ్ చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడే, "అన్నా, కంపెనీకి ఎన్ని దినాల ముందుగాల నోటీసియ్యాలె?" అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశారు. ఆ ఒక్క మాటతో ఆయన శుక్రవారాలు పోతాయని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఉండిపొమ్మంటారేమో అనుకున్నాను. ఆయన అనలేదు. ఎన్ని రోజులో చెప్పి, "రేపు ఆఫీసులో నేనే మాట్లాడతాలే" అన్నారు. ఆవిడ ఆ మాట విని లేచి, అందరి కంచాలూ తీసింది.

భాయ్ వెళ్ళాక మా ఆయన కొన్ని శుక్రవారాలు ఆ చివరికీ ఈ చివరికీ ఒక్కరే తిరుగుతూ బండ్లు నడిపారు. అవతల సిగ్నల్ ఇచ్చేవాడు లేక ఆయనకీ విసుగొచ్చింది. ఓనరు ఇల్లడిగినప్పుడు మాటిచ్చినట్టే గది విప్పేశాం. మేం దేశం వదలడానికి అక్కణ్ణించి మరెన్నో ఏళ్ళు పట్టింది, ఎప్పటికప్పుడు ఇంకొక్క ఏడాది అనుకుంటూనే. వచ్చాక బెజవాడలో మా వీధిలో నేను పేరు పెట్టి అడిగిన వాళ్ళలో సగం మంది లేరు. ఉన్నవాళ్ళు నన్ను గుర్తుపట్టడానికి కాస్త తడుముకున్నారు. అక్కడ మేం ఏళ్ళు లెక్కపెట్టుకుంటున్నంతకాలం ఇక్కడ కూడా అవే ఏళ్ళు గడుస్తున్నాయన్న సంగతి, ఆ శుక్రవారం భాయ్ వాళ్ళావిడ నోటి వెంట విని కూడా, అప్పటిదాకా నాకు తలకెక్కలేదు.