లోపలి అంచు దారం

డెబ్బైల నాటి మాట. బార్కస్ బస్తీ నుంచి వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్లో నల్ల షేర్వాణీ ఉంది. నేను నోటితో ఊపిరి పీల్చడం చూసి, "జలుబా బేటా?" అన్నాడు.

జలుబు కాదు. చిన్నప్పటి దెబ్బకు నా ముక్కు కుంగిపోయింది. పక్కటెముక చివరి మెత్తటి ఎముక కోసి ముక్కులో అతకాలని ఆ పొద్దున్నే డాక్టర్ చెప్పాడు. నాకంతా అయోమయంగా ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పి అడిగాను.

"ముక్కు పాడైతే పక్కటెముకను కోసుడేంది చాచా?"

చిరుగులు కనిపించకుండా దారంతో అల్లే రఫూ పని ఆయనది. షేర్వాణీ అంచు తిరగేసి చూపించాడు. లోపల దారాలు లాగేసి ఉన్నాయి.

"రొమ్ము కాడ చినిగింది. వేరే దారం కలవది. దీనిదే తీసి దీనికే పెట్టిన."

రొమ్ము దగ్గర ఎంత వెతికినా నాకు చిరుగు దొరకలేదు.

"మరి తీసిన కాడ?"

"గది తొడుక్కున్నోనికే తెలుస్తది."

ధైర్యం చెప్పాడో, భయపెట్టాడో తేల్చుకునేలోపు నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఇప్పుడు ఊపిరి హాయిగా ఆడుతోంది. ముక్కు బాగుందని ఎవరైనా అంటే మాత్రం, నా చేయి చొక్కా మీదుగా పక్కటెముకల దగ్గరి మచ్చను తడుముకుంటుంది.