శౌరయ్య గారు సగంలో ఆపిన వాక్యం

టీవీలో మదుపు పథకాల ప్రకటన వస్తే నా చేతిలో పని ఆగిపోతుంది. నవ్వుతున్న భార్యాభర్తలు, కొత్త కారు, తీరిగ్గా సాగే పాట, అన్నీ అయ్యాక చివర్లో ఒక గొంతు బస్సు తప్పిపోతున్నట్టు గబగబా ఏదో చదివేస్తుంది. నష్టం రావచ్చని, కాగితాలన్నీ జాగ్రత్తగా చూసుకోవాలని. మా మనవరాలు ఊపిరి తీసుకోకుండా ఆ గొంతును అనుకరిస్తుంది. ఇంటిల్లిపాదీ నవ్వుతారు. నాకు మాత్రం చెవులు వేడెక్కుతాయి. అది సిగ్గు. ఇన్నేళ్లయినా తగ్గలేదు. అందులో నా వంతు కొంత, మా సీనియర్ శౌరయ్య గారి వంతు ఎక్కువ. ఆయన పోయాక మొత్తం నాకే మిగిలింది.

డెబ్బైల్లో విజయవాడలో కంపెనీ చట్టం తెలిసిన వకీళ్లు బహు తక్కువ. శౌరయ్య గారు వారిలో ఒకరు. గుణదలలో ఇల్లు, గవర్నరుపేటలో ఒక మేడ మీద ఆఫీసు. ఆదివారం చర్చిలో పూజకు వెళ్లివస్తే గాని కాఫీ ముట్టేవారు కాదు. ఆడపిల్లను జూనియర్‌గా పెట్టుకోవడానికి మిగతా వకీళ్లు నీళ్లు నములుతున్న రోజుల్లో నన్ను ఒక్క ప్రశ్న వేసి చేర్చుకున్నారు. లావుపాటి పుస్తకం నా ముందుకు తోసి, "ఈ సెక్షను చదివి మీ పామర్రు రైతుకు చెప్పినట్టు తెలుగులో చెప్పమ్మా" అన్నారు. నేను తడబడుతూ ఏదో చెప్పాను. "సగమే చెప్పావు. మిగతాది నీకు అర్థం కాలేదా, చెప్పడానికి బద్ధకించావా?" అని అడిగారు. అర్థం కాలేదన్నాను. "అయితే ఫరవాలేదు, రేపటినుంచి రా" అన్నారు. ఆయనకు మాత్రం ఆ విద్య గొంతులోనే ఉండేది. ఎంత ముళ్లకంప లాంటి చట్టమైనా ఆయన నోట పడితే పక్కింటి సంగతిలా వినిపించేది.

అందుకే ఆ కంపెనీవాళ్లు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. మా పామర్రు దగ్గర వరిగడ్డితో అట్టలు తయారుచేసే ఫ్యాక్టరీ పెడతామన్నారు. జనానికి షేర్లు అమ్మాలంటే ఆ రోజుల్లో ఢిల్లీ అనుమతి కావాలి. అనుమతి వచ్చింది. కంపెనీ వివరాలతో ప్రాస్పెక్టస్ అనే పుస్తకం ఇంగ్లీషులో అచ్చయింది. అందులో చట్టం ప్రకారం వేయక తప్పని వాక్యం ఒకటుంది. ఈ షేర్లు అమ్ముకోవడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, అయితే అంతమాత్రాన కంపెనీ బాగోగులకు గాని, ఈ పుస్తకంలోని మాటలకు గాని ప్రభుత్వానికి ఏ బాధ్యతా లేదు అని.

మా వైపు వాళ్లకు తెలిసినవల్లా చీటీపాటలు. చీటీల చట్టం రాష్ట్రానిది. చీటీ నడిపే మనిషి ముందుగా రిజిస్ట్రారు దగ్గర జామీను సొమ్ము కట్టాలి. రేపు అతను ఊరు విడిచిపోయినా జామీను అక్కడ ఉంటుంది. అందువల్ల మావాళ్ల లెక్కలో సర్కారు అనుమతి అంటే సర్కారు పూచీ. హైదరాబాదే అంత జాగ్రత్త పడుతుంటే ఢిల్లీ ఇంకెంత పడుతుందో అనుకున్నారు.

మీటింగు పామర్రులో ఒక రైసుమిల్లు ఆవరణలో, వడ్లు ఆరబోసే గచ్చు మీద పెట్టారు. మా అమ్మ తమ్ముడు గోపాలం మావయ్య ముందు వరసలో కూర్చున్నాడు. శౌరయ్య గారు లేచి నిలబడ్డారు. నేను పక్కన నిలబడి పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి పట్టుకున్నాను. "ఈ షేర్లు అమ్ముకోవడానికి ఢిల్లీ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది..." అని ఊపిరి కోసం ఒక్క క్షణం ఆగారు. అంతే, చప్పట్లు మోగాయి. ఎవరో పూలదండ వేశారు. ఇంకెవరో సోడా కొట్టి చేతికిచ్చారు. ఆయన ముఖం విప్పారింది. నమస్కారం పెట్టి కూర్చున్నారు. నేను కూడా పుస్తకం చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాను.

తిరిగి వస్తుంటే కారు కంకిపాడు దాటాక ఆయన ఉన్నట్టుండి, "వాక్యం పూర్తి చెయ్యలేదు కదమ్మా" అన్నారు. ముందు సీట్లోని కంపెనీ మనిషి వెనక్కి తిరిగి, "పుస్తకంలో ఉంది గదండీ, ఇంకేం" అన్నాడు. శౌరయ్య గారు కారు వెనక్కి తిప్పమని అనలేదు.

ఫ్యాక్టరీకి గోడలు లేచాయి గాని యంత్రాలు రాలేదు. కొన్నాళ్లకు కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. మావయ్య అప్పటికే కాలవ పక్కన ఉన్న అరెకరం అమ్మి షేర్లు కొనేశాడు. పోలీసు స్టేషనుకు వెళితే ఇది రాష్ట్రం పని కాదు, కేంద్రం పని అన్నారు. బందరు కలెక్టరాఫీసులోనూ అదే మాట. హైదరాబాదులో కంపెనీలను చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఉందంటే అక్కడికీ వెళ్లాడు. అక్కడినుంచి తిన్నగా మా ఆఫీసుకు వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఏమనుకోబాకండి శౌరయ్య గారూ. ప్రభుత్వానికి పూచీ లేదని పుస్తకంలోనే రాసుందంట, చదువుకోలేదా అన్నాడండీ అక్కడి ఆఫీసరు. ఆ రోజు మీరే గదా మాకు చదివి చెప్పింది. అట్టాంటి మాట లేదు గదండీ?"

శౌరయ్య గారు బీరువా తీసి పుస్తకం తెచ్చారు. నిలబడే, ఆ వాక్యం మొదటినుంచి చివరిదాకా తెలుగులో చెప్పారు.

"ఇది అప్పుడు కూడా ఉందాండీ?"

"ఉందండి."

మావయ్య ఆ పేజీని వేలితో ఒకసారి తడిమాడు. నా వైపు చూస్తాడేమోనని భయపడ్డాను. చూడలేదు. కాఫీ వచ్చేలోపే లేచి వెళ్లిపోయాడు.

"చట్టం ప్రకారం మన తప్పు లేదండీ, అచ్చులో ఉంది కదా" అన్నాను, ఆయన్ను ఓదార్చాలని. "ఇంగ్లీషులో ఉందమ్మా. తెలుగులో వాళ్లకు ఉన్నది నేనే కదా" అన్నారు. ఊరికి వెళ్లి చెబుతానన్నారు. తోటి వకీళ్లు వద్దన్నారు. నోరు జారితే రేపు కోర్టులో అదే మెడకు చుట్టుకుంటుంది, పరువుతో పాటు ప్రాక్టీసూ పోతుంది అన్నారు. ఆయన విని, మర్నాడు పామర్రు బస్సెక్కారు. నేనూ వెళ్లాను.

అదే మిల్లు, అదే గచ్చు. ఈసారి దండ లేదు. ఆయన వాక్యమంతా చదివి, "ఆ రోజు ఇందులో సగమే చెప్పాను. మీరు చప్పట్లు కొట్టేసరికి ఒళ్లు మరిచి కూర్చున్నాను. మీ ముందు తలెత్తుకోలేకపోతున్నాను" అన్నారు. ఎవరైనా తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. గోపాలం మావయ్య లేచాడు.

"మేం చప్పట్లు కొట్టబట్టే గదండీ మీరు ఆగింది. తప్పు మాదేలెండి. ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగండి."

శౌరయ్య గారు గ్లాసు అందుకున్నారు. తాగబోతే మజ్జిగ చొక్కా మీద ఒలికింది. నేను చూడలేక గచ్చు మీద వడ్లగింజలను చూస్తూ నిలబడ్డాను. మనం అన్యాయం చేసిన మనిషి మనల్ని ఓదారుస్తుంటే ఎంత సిగ్గుగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

అరెకరం తిరిగి రాలేదు. కేసూ రాలేదు. ఆయన మళ్లీ ఏ వేదికా ఎక్కలేదు. ఆఫీసులో మాత్రం, ఎవరికి ఏ కాగితం వివరించినా నష్టం ఉన్న ముక్క ముందు చదవమనేవారు. ఆ అలవాటు నాకు అంటుకుంది. దానివల్ల క్లయింట్లు కొందరు విసుక్కుని వేరే వకీళ్ల దగ్గరికి పోయారు. పోనీలే అనుకున్నాను.

ఆమధ్య బార్ అసోసియేషనువాళ్లు నాకు సన్మానం చేశారు. గురువు గారి గురించి చెప్పమన్నారు. "శౌరయ్య గారి అంత గొప్పగా చట్టాన్ని తెలుగులో చెప్పినవాళ్లను నేను చూడలేదు" అన్నానో లేదో చప్పట్లు మొదలయ్యాయి. అధ్యక్షుడు శాలువా విప్పుతూ లేచాడు. నేను కూర్చోలేదు. చప్పట్లు పూర్తిగా ఆగేదాకా మైకు దగ్గరే నిలబడి, పామర్రులో జరిగింది చెప్పాను. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నానని కూడా చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు వచ్చి కూర్చున్నాను.