లెక్కలోకి రానివాడు

అల్వారో క్వాద్రోస్ పెద్దమనిషి కావాలనుకున్నాడు. పెన్నికట్‌లో అదేం కష్టమైన పని కాదు. సొంత చేపల పడవ ఉన్నవాడు పెద్దమనిషి. క్లబ్బు హాల్లో గోడవారనున్న బల్ల దగ్గర రోజూ కుర్చీ దొరికేవాడు పెద్దమనిషి. అల్వారోకు పడవా లేదు, కుర్చీ లేదు. ఉన్నదల్లా వాటర్ స్ట్రీట్‌లో ఇంటికింద ఒక సెల్లార్, అందులో పూత వేసే తొట్లు, ఒక కొళాయి.

అక్కడ అతను ఆటల కప్పులకూ, బ్యాండు వాళ్ల బాకాలకూ, చర్చి గిన్నెలకూ వెండి పూత వేసేవాడు. పని బాగానే చేసేవాడు. ఆ సంగతి ఎదుటివాడు చెప్పేలోపే తను చెప్పేవాడు.

తన పనితనం తప్ప మిగతాదంతా అతని నోట ‘కాస్త’. కాస్త వైన్ తాగాడు. కాస్త ఆలస్యంగా వచ్చాడు. పొరుగింటి కంచెకు కాస్త తగిలించాడు, కారుతో. అజోర్స్ దీవుల నుంచి వచ్చి పెన్నికట్ రేవులో స్థిరపడ్డ మా కుటుంబాల్లో ఒకే పేరున్నవాళ్లు చాలామంది. అందుకని ఒక్కొక్కరి పేరుకూ ముందొక తోక. అతనికి ‘కాస్త అల్వారో’ అనేది అలా వచ్చింది. దాని వెనక ఉన్న వెక్కిరింత అతనికి ఏనాడూ తెలియలేదు.

లోహాలకు పూత వేసేవాళ్ల మురుగునీటి మీద నగరానికి ఒక కన్నుండాలని చట్టం. ఆ నీళ్లు ఊరి మురుగులో కలవకముందే శుభ్రం చేయాలి. లైసెన్సు ఉండాలి, ఎవరో ఒకరు వచ్చి సీసాల్లో పట్టుకెళ్లి పరీక్షించాలి. అయితే రోజుకు నూరు గ్యాలన్లు మించకుండా వదిలేవాళ్లను చట్టం పక్కన పెట్టింది. లైసెన్సు అక్కర్లేదు, సీసాలు అక్కర్లేదు. ఏడాదికోసారి సంతకం చేస్తే చాలు: ఏ ఒక్క రోజూ నూరు దాటలేదని, తొట్టిలో చచ్చిన, అంటే ఇక పూత పట్టని, ద్రావకాన్ని ఎన్నడూ మురుగులో పోయలేదని. చచ్చిన ద్రావకం డ్రమ్ములోకి పోవాలి. డ్రమ్ము నిండితే దాన్ని తీసుకుపోయే బండి వేరే ఉంది.

నగరం తరఫున ఇవన్నీ చూసే ఇన్‌స్పెక్టర్ డెలియా హోర్గన్. అల్వారో ఏ తరగతి కిందికి వస్తాడో ఆమే ఓ రోజు ఇంటికొచ్చి చెప్పింది. ‘గణనీయులు కానివారు’ అన్న చట్టంలోని పదం అతనికి అర్థం కాలేదు. ఆమె విడమరిచింది.

“అంటే మీరు లెక్కలోకి రారు, మిస్టర్ క్వాద్రోస్. మీకది మంచిదే.”

అల్వారో మొహం మాడిపోయింది. ఆమె వెళ్లాక కూడా వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. ఇరవయ్యేళ్లుగా పూత పని చేస్తున్నవాణ్ణి పట్టుకుని ఆ మాట అనొచ్చా అని గోడనడిగాడు.

“ఆవిడకు చట్టం చదివితే తెలిసింది,” అంది భార్య నటాలియా, ఉల్లిపాయలు తరుగుతూ. “నాకు పెళ్లైన వారానికే తెలిసింది.”

డెలియా హోర్గన్ మళ్లీ ఆ సెల్లార్ మెట్లు దిగలేదు. ఆమె తనిఖీకి నది ఒడ్డున వైర్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ ఆమె పేరు రాసిన తెల్ల హెల్మెట్ మేకుకు వేలాడేది. ఇంజనీరు ఎదురొచ్చి కాఫీ ఇచ్చేవాడు. ఆ ఫ్యాక్టరీ మురుగు గొట్టంలో మనిషి వంగి నడవొచ్చు. అలాంటి గొట్టాన్ని తనిఖీ చేసి ఇంటికెళ్తే ఏదో చేశానన్న తృప్తి ఉంటుంది. చిన్నవాళ్లకు ఏడాదికోసారి ఒక కాగితం పోస్టులో పంపేది. సంతకంతో తిరిగొస్తే ఊరి మురుగు క్షేమమని నమ్మేది. అల్వారో ఆ కాగితాన్ని చదవకుండా, రొట్టె ముక్కలు పక్కకు తోసి, సంతకం పెట్టేవాడు. ఇద్దరికీ హాయిగా ఉండేది.

నిజం చెప్పాలంటే అన్నేళ్లూ అతను నూరు దాటలేదు. అది నిజాయితీ అనుకుంటే పొరపాటు. నీళ్ల బిల్లంటే భయం. పూత వేసిన వస్తువును కడగడానికి వరసగా మూడు నిలవనీటి తొట్లలో ముంచి తీసేవాడు. కొళాయి సన్నటి దారంలా వదిలేవాడు.

ఆ ఏడు పవిత్రాత్మ పండుగకు టోపీలో చీట్లు వేసి తీస్తే పండుగ పెద్దగా అల్వారో పేరొచ్చింది.

పండుగ పెద్దంటే మాలో ఏమిటో చెప్పాలి. వెండి కిరీటం వారం రోజులు అతని ఇంట్లో ఉంటుంది. ఆదివారం ఊరేగింపులో దాన్ని పళ్లెంలో పెట్టుకుని అతను ముందు నడుస్తాడు. తర్వాత హాల్లో ఊరందరికీ సూప్ పోయించాలి. లోపలికొచ్చిన ఎవరినీ నువ్వెవరని అడగకూడదు, ఎందుకొచ్చావని అడగకూడదు. కూర్చోబెట్టి గిన్నె ముందు పెట్టాలి. ఏ మనిషీ ఒక్క ఆదివారంలో ఇంతకంటే పెద్దవాడు కాలేడు. ఎక్కువమంది అంతటితో తృప్తిపడతారు.

అల్వారోకు అది చాలలేదు. వచ్చిన ప్రతి ఒక్కరి గుండెమీదా పవిత్రాత్మకు గుర్తుగా తను వెండి పూత వేసిన పావురం పిన్ను ఉండాలన్నాడు. హాల్లో పట్టేవాళ్లకే కాదు, బయట గడ్డిమీద కూర్చునేవాళ్లకు కూడా. చేపల వ్యాపారి తిబేరియో రపోజో కూతురికి అల్వారో బాప్తిస్మంలో జ్ఞానతండ్రి. అందుకని వాళ్లిద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకునేవాళ్లు, కలిసినప్పుడల్లా పొడుచుకునేవాళ్లు. రపోజో ఈ పిన్నుల సంగతి విని, పావురాలు సరే, సూప్‌లో మాంసం ఉంటుందా అని క్లబ్బులో అందరిముందూ అడిగాడు.

ప్రావిడెన్స్ పట్నం నుంచి తెల్ల లోహపు పావురాలు పెట్టెలకొద్దీ వచ్చాయి. ఆ లోహం మీద వెండి నేరుగా పట్టదు. ముందు రాగి వేయాలి. అల్వారో పావురాలను తీగలకు గుచ్చి రాగి తొట్టిలో ముంచాడు, తీశాడు, ముంచాడు. మూడు తొట్ల నిలవనీళ్లతో కుదరదు, టైము లేదు. కొళాయి పూర్తిగా తిప్పాడు. నూరు గ్యాలన్లు ఎప్పుడు దాటాయో అతను చూడలేదు. చూసేవాళ్లు ఇంకెవరూ లేరు.

తొందరలో తీగలు వదులుగా చుట్టాడు. పావురాలు జారి రాగి తొట్టి అడుగున పడ్డాయి. పడినవాటిని తీయలేదు. అవి అక్కడే కరిగాయి. రాగి ద్రావకం చచ్చింది. తర్వాత ముంచిన పావురాలు ముసలివాళ్ల చేతుల్లా మచ్చలతో పైకొచ్చాయి.

ద్రావకం మార్చాలి. డ్రమ్ము అప్పటికే అంచుదాకా నిండి ఉంది. డ్రమ్ముల బండివాళ్లు సెలవుల్లో ఉన్నారు, పండుగ తర్వాతే వస్తారు. అతను పిన్నులు మానేయొచ్చు. సగం మందికే ఇవ్వొచ్చు. ఆ ఆలోచన అతని బుర్ర దరిదాపులకు రాలేదు. గొట్టం ఒక కొస తొట్టిలో, రెండో కొస నేలమీది మురుగు తూములో పెట్టాడు. సైనైడ్ కలిసిన ఆ నీలాకుపచ్చ ద్రావకం గుటకలేస్తూ కిందికి పోయింది.

నటాలియా మెట్లమీద నిలబడి ఉంది.

“ఏం పోస్తున్నావు?”

“కాస్త,” అన్నాడు.

వెండి తొట్టిని మాత్రం అతను ఎంత జాగ్రత్తగా చూసుకున్నాడంటే, నేలమీద చుక్క పడితే దూదితో అద్ది మళ్లీ తొట్టిలో పిండాడు.

ఊరి చివర, నది సముద్రంలో కలిసేచోట, మురుగుశుద్ధి కేంద్రం. అక్కడ ఊరి మలినాన్ని తినేది యంత్రాలు కాదు, కంటికి కనబడని పురుగులు. పనివాళ్లు వాటిని అలాగే పిలుస్తారు. పెన్నికట్ జనం తిన్నదీ తాగిందీ కక్కిందీ అన్నీ అవి తింటాయి. వాటికి కావలసింది గాలి, విషం లేని తిండి. ఊరు వాటిని ఎన్నడూ తలుచుకోలేదు. అల్వారో కూడా తలుచుకోలేదు. శుక్రవారానికి అవి చచ్చిపోయాయి. గోధుమరంగు నురగ బూడిదరంగైంది. ఆదివారం పొద్దున గాలి సముద్రం మీంచి ఊరివైపు తిరిగింది.

ఊరేగింపు చర్చి నుంచి బయల్దేరేసరికి కంపు ఎదురొచ్చింది. కుళ్లిన గుడ్ల కంపు. బ్యాండు వాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి వెనకాడి పాట మధ్యలో తడబడ్డారు. అల్వారో ముందు నడుస్తున్నాడు. పళ్లెంలో కిరీటం మెరుస్తోంది. అందరూ ముక్కు మూసుకుంటే, కిరీటాన్ని చూసి దణ్ణం పెడుతున్నారనుకున్నాడు.

హాల్లో గిన్నెల్లో రొట్టె వేసి, మీద మాంసం పులుసు, పుదీనా వేసి పెట్టారు. జనం వంచిన తల ఎత్తకుండా తిన్నారు. రపోజో ఒక చెంచా నోట్లో పెట్టుకుని అల్వారో వైపు చూశాడు.

“కొంపాద్రే, మాంసం ఎవరి దగ్గర కొన్నావు? వాడు నాకూ శత్రువే.”

అప్పుడు డెలియా హోర్గన్ రబ్బరు బూట్లతో లోపలికొచ్చింది.

ఆమె శుక్రవారం నుంచి వెతుకుతోంది. మొదట వైర్ల ఫ్యాక్టరీకి పరిగెత్తింది. దాన్ని సెలవుల కోసం వారం కిందటే మూసేశారు. నేరం చేయగల తాహతున్నవాడు ఊళ్లో లేకపోతే ఏం చేయాలో ఆమెకు తోచలేదు. చివరికి వీధి వీధికీ మ్యాన్‌హోల్ మూత ఎత్తి సీసాల్లో నీళ్లు పట్టుకుంటూ, విషం జాడ పట్టుకుని పైకి నడిచింది. జాడ వాటర్ స్ట్రీట్ దాకా వచ్చింది. అక్కడ ఒక లాండ్రీ, ఒక బేకరీ, తాళం వేసిన అల్వారో ఇల్లు. ఊరంతా హాల్లో ఉందని ఎవరో చెప్పారు.

ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. అడగకూడదు. కూర్చోబెట్టారు. గిన్నె పెట్టారు. తలుపు దగ్గర అందరికీ పిన్నులు పెడుతున్న నటాలియా వచ్చి ఆమె కోటుకూ ఒక పావురం గుచ్చి, వంకరగా ఉంటే సరిచేసి వెళ్లింది.

డెలియా హోర్గన్ కిందికి చూసుకుంది. తర్వాత పక్కవాడి గుండెమీద చూసింది. తర్వాత హాలంతా చూసింది. ప్రతి చొక్కామీదా ఒక పావురం.

“ఇవి ఎవరు చేశారు?” అని అడిగింది, మామూలుగానే.

బల్ల చుట్టూ చెంచాలు ఆగాయి. రపోజోకు అల్వారో మీద ప్రేమ లేదు. కానీ నిన్నటి చేపను ఇవాళ్టిదని చెప్పి బతికినవాడు. అబద్ధం అవసరమైన చోట అతని నోరు ఊరుకోదు.

“చైనా నుంచి వచ్చాయి మిస్ హోర్గన్. డబ్బాల్లో. నా గోడౌన్‌లోనే దింపారు.”

చుట్టూ తలలూగాయి. అల్వారో పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు మెదపకపోతే చాలు. సెల్లార్, తొట్లు, ఏడాదికోసారి వచ్చే కాగితం, అన్నీ అతనికే మిగులుతాయి. జీవితంలో అతన్ని అడిగిన సాయం అదొక్కటే, ఊరుకోవడం.

డెలియా హోర్గన్ ఆ మాట నమ్మింది. నమ్మడం ఆమెకూ సుఖం.

“అదే అనుకున్నాను,” అంది, చెంచా తీసుకుంటూ. “ఇంత పని మిస్టర్ క్వాద్రోస్ వల్ల అయ్యేది కాదులే.”

దూరంగా, తలుపు దగ్గర, నటాలియా కళ్లు మూసుకుంది. ఏం జరగబోతోందో ఆమెకు తెలుసు.

“నావల్ల కాదా?” అన్నాడు అల్వారో.

“కొంపాద్రే, సూప్ చల్లారిపోతోంది,” అన్నాడు రపోజో.

“చైనా వాళ్లకు ఇలాంటిది చేయడం వచ్చా? వాళ్లు రంగు పూసి పంపిస్తారు. ఇవి నా చేత్తో చేశాను. ఒక్కొక్కటీ. గీరి చూడండి మిస్ హోర్గన్. కింద రాగి ఉంటుంది. రాగి వేశాకే నేను వెండి వేస్తాను.”

ఆమె గీరలేదు. చెంచా కింద పెట్టింది. తన సీసాల్లో ఏం దొరికిందో ఆమె ఆ హాల్లో ఎవరికీ చెప్పలేదు.

“ఎంత రాగి, మిస్టర్ క్వాద్రోస్?”

జీవితమంతా నాలుక చివర ఉన్న మాట అప్పుడు వస్తే బాగుండేది. హాలంతా దానికోసం ఎదురుచూసింది. అల్వారో ఒకసారి జనం వైపు చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. గోడవార బల్ల దగ్గరివాళ్లు కూడా.

“చాలా,” అన్నాడు.

పొరుగూరి నుంచి ట్యాంకరులో పురుగుల బురద తెచ్చి శుద్ధి కేంద్రంలో పోశారు. ఊరి కంపు తగ్గింది. నగరం అల్వారోను గణనీయుల్లో చేర్చింది. అంటే లైసెన్సు, సీసాలు, జరిమానా. చలికాలం రాకముందే అతను తొట్లు అమ్మేశాడు. డెలియా హోర్గన్‌కు ఏమీ కాలేదు. వైర్ల ఫ్యాక్టరీలో హెల్మెట్ ఆ మేకుకే ఉంది. చిన్నవాళ్ల సెల్లార్లకు ఇప్పుడు ఆమె రెండేళ్లకోసారి వెళ్తానంటుంది.

క్లబ్బులో కొత్తవాడెవడైనా దొరికితే, నగరం తనను గణనీయుడని రాతపూర్వకంగా ఒప్పుకుందని అల్వారో చెబుతాడు. రాసింది నిజమే. నటాలియా ఆ సమయంలో ఉంటే లేచి కోటు తొడుక్కుంటుంది.

ఆ కుళ్లిన గుడ్ల కంపుకు వెండి నల్లబడుతుంది. పూత వేసేవాళ్లందరికీ తెలిసిన సంగతి. పండుగ సాయంత్రానికే పావురాలు పసుపెక్కాయి, వారంలో గోధుమరంగుకు తిరిగాయి, తర్వాత నల్లబడ్డాయి. కొన్ని ఇళ్లలో సొరుగుల అడుగున అవి ఇప్పటికీ ఉన్నాయి. గీరితే కింద రాగి కనిపిస్తుంది. అంతవరకు అతను చెప్పింది నిజం.